నాలుగో గుంటకు పిలుపు

మైపాడు దాటినాక తారురోడ్డు ఇసకలో కలిసేచోట
మోటారు షెడ్డులో, మేత బస్తాల మీద లాప్‌టాప్ పెట్టుకుని
రాత్రి రెండున్నరకి
నేనొక గుంటను రాస్తున్నాను.

క్లాస్ గుంట.
లోతు ఐదడుగులు, పిల్ల లక్షా ఇరవై వేలు,
వయసు నలభై మూడు రోజులు.
దానికి మూడు పనులు నేర్పాను:
ఆక్సిజన్ చూడటం, మేత లెక్క కట్టడం,
ఊపిరి తగ్గితే ఏరేటర్ తిప్పడం.

కాగితం గుంటలో రొయ్య బతకదని మస్తానయ్య ముందే అన్నాడు.
నిజమే. క్లాసంటే నీళ్లు పెట్టని గుంట,
ఉత్త గట్ల కొలతలు.
ఆ కొలతల్నే పట్టుకుని మేత తీసుకోమన్నాను.
ఏ గుంటకమ్మా, అనడిగింది ఎర్రర్,
ఎర్రటి అక్షరాల్లో, బ్యాంకు గుమాస్తా మర్యాదతో.

సరే, నాలుగో గుంటని పుట్టించాను.
ఇదిగో మేత, అన్నాను.
ఒకటే ఇచ్చాను. ఒకటంటే ఒకటే.
రెండు ఇచ్చావంటుంది.
వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాను.
ఒకటే కదా అని పైకే అరిచినట్టున్నాను,

మస్తానయ్య బీడీ దించి విన్నాడు.
"తెప్ప మింద నేనెక్కించేది ఒక్క బస్తానే.
తెప్ప మాత్రం రెండు బరువులకి దిగద్ది.
బస్తా ఒకటి. తాడు లాక్కుంటా పొయ్యే నేనొకణ్ణి.
నన్ను లెక్కెయ్యకుండా తెప్ప కడితే
మునిగిపోదా మా?"

సెల్ఫ్.
ప్రతి పనికీ ముందు వరసలో కూర్చునే ఆ ఒక్కణ్ణి
నేను రాయనే లేదు.
పిలిచేటప్పుడు కనపడడు, పని దగ్గర ఉంటాడు.
రాశాను. మేత తీసుకుంది.

అసలు పీడ ఆ తర్వాత.
ఆక్సిజన్ మూడుకి పడింది.
నాలుగో గుంట, ఏరేటర్ తిప్పు, అని రాసి వదిలాను.
ఎర్రర్ రాలేదు.
ఏమీ రాలేదు.
స్టార్టరుకి కట్టిన పెట్టె ఉలకలేదు.
రొయ్యలు పైకి తేలి మీసాలాడిస్తున్నాయి,
తెర మీద మాత్రం అంతా చల్లగా ఉంది.
తిట్టే తప్పు నయం.
ఊరుకునే తప్పు గుంటకి గుంటనే తింటుంది.

"ఖాజా అని ఒక పిలగాడు ఆ గట్టుమింద ఉండాడు, నాకూ తెలుసు.
ఉండాడని ఈడ అనుకుంటా కూసుంటే లేస్తాడా?"
మస్తానయ్య లేచి
రెండరచేతులూ నోటికి అటూ ఇటూ ఒంచి
చీకట్లోకి కేకేశాడు, "ఒరే ఖాజా... ఓవ్!"

ఖాజా పలకలేదు. గాలి సముద్రం మీది నుంచి ఎదురు కొడుతోంది.
నేను మాత్రం ఆ చేతుల్నే చూస్తున్నాను.
ఒకటి ఇటు వంగి, ఒకటి అటు వంగి,
మధ్యన ఊపిరి తప్ప ఏమీ లేకుండా.
ఖాళీ బ్రాకెట్లు.
ఇంతసేపూ పేరు పలికాను, పిలవలేదు.

పెట్టాను.
చక్రాలు కదిలాయి. నాలుగో గుంటలో నీళ్లు తెల్లబడ్డాయి.
ఐదులోనూ తెల్లబడ్డాయి.
ఆరు దగ్గర మళ్లీ ఎర్రటి అక్షరాలు.

ఆరో గుంట తెల్లమచ్చకి పోయింది.
బ్లీచింగు చల్లి ఎండబెట్టి రెండు నెలలు.
లేనిదానికి ఏరేటర్ తిప్పడం రాదు,
ఎర్రర్ అన్నదీ అదే, ఇంకో భాషలో.
జాబితాలోంచి తీసేస్తే పోయేది.
ఓనరు చెంగల్రెడ్డి ఇంకా రోజూ దాని గట్టు తిరిగొస్తాడు.
తియ్యలేదు.
ఉంటేనే పిలువు, అని పైన ఒక్క వరస రాశాను.

మూడుంబావుకి కరెంటు పోయింది.
నా మెథడ్ తెర మీద తప్పు లేకుండా వెలుగుతోంది,
గుంటల్లో చక్రాలన్నీ ఆగాయి.
లాప్‌టాప్ మూసి బయటికొచ్చాను.
మస్తానయ్య పక్కన నిలబడి
నేనూ అరచేతులు ఒంచాను.

ఇద్దరి కేకా కలిసి గాలిని చీల్చుకుపోయింది.
కాసేపటికి ఆ గట్టు నించి
ఒక పచ్చి బూతు తిరిగొచ్చింది,
దాని వెనకే జనరేటరు దగ్గు.

"పలికినాడు," అని
మస్తానయ్య ఆరిన బీడీ మళ్లీ ముట్టించాడు.