కొసరు

డాల్వాలినూ ఊళ్ళో షైర్ హాలు.
ఫిబ్రవరి. బయట నలభై మూడు డిగ్రీలు.
కోతలయిపోయిన గోధుమ చేలు
మూడ్రోజుల గడ్డంలా గరుగ్గా ఉన్నాయి.

బల్ల మీద ముప్పై తొమ్మిది మొక్కల జాబితా.
డబ్బు ఆరింటికే.
మార్కులు ఎక్కించే పని నాది.

ఎన్ని మిగిలాయి? ఎంత మేర?
కంచె వేస్తే బతుకుతుందా, కుందేళ్ళు తినేస్తాయా?
గింజ దానంతటది మొలుస్తుందా, పొగ పెట్టాలా?
ఖర్చెంత?
నేను అంకెలు నొక్కుతుంటాను,
అవి పైకీ కిందికీ జరుగుతుంటాయి
రైలు టికెట్ల వెయిటింగ్ లిస్టులా.

పసుప్పచ్చ పూల వాటిల్‌కి ఎవరూ అడ్డు చెప్పలేదు.
పోస్టరుకి బావుంటుంది అన్నారెవరో,
ఆ మాట మినిట్స్‌లో రాయొద్దన్నారు.
రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఇరవై మూడోదాని దగ్గర ఆగాం.
దానికి పేరే లేదు.
మొదట కోసుకొచ్చిన మనిషి ఇంటిపేరు, ఒక నంబరు, అంతే.
మట్టిరోడ్డుకీ గోధుమ చేనుకీ మధ్య
పది బారల నేల.
ఈ భూగోళమ్మీద దాని ఆస్తి మొత్తం అదే.
బెత్తెడు ఎత్తు. చలికాలపు వానలు వెలిశాక
ఆవగింజంత పువ్వు, ఊదా రంగుది,
మోకాళ్ళ మీద కూచుంటే తప్ప కనబడదు.
నేను కూచున్నాను, కిందటి ఆగస్టులో.
అరవై ఒకటి లెక్కపెట్టాను.
అరవై రెండోది నా బూటు కింద ఉంది.
ఆ సంగతి ఏ గడిలోనూ లేదు.

"గింజలు ఫ్రీజర్లో దాచాం కదా, చాలదా?" అన్నారు.
"ఆ డ్రాయరులోకి తేనెటీగ రాదు" అంది నోరీన్.
ఫ్యాను చప్పుడు కాసేపు.

వరుస మార్చి చూస్తే ఏడో స్థానం.
ఆరుకీ ఏడుకీ తేడా అర మార్కు.
డాక్టర్ ప్రిడో కళ్ళజోడు తీసి తుడుచుకుని
"ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి" అన్నాడు.
చెడ్డవాడు కాదు. గియ్యకపోతే
ముప్పై తొమ్మిదీ పోతాయని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.
నేనే గీశాను.
మౌస్‌తో. సన్నటిది. నల్లటిది.

టీ దగ్గర, రోడ్డు గ్రేడర్ నడిపే లెస్ టకెట్
ఈగలు తోలుకుంటూ అడిగాడు,
"ఆ రోడ్డు పక్కది ఏమయింది?"
చెప్పాను.
"సరేలే. అక్కడికొచ్చేసరికి
నేను బ్లేడు పైకెత్తుతా. పద్దెనిమిదేళ్ళుగా.
ఎవరూ చెప్పలేదు. చూశా, ఎత్తా."
ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు.

మా చిన్నప్పటి వీధిలో కూరలమ్మే నూకాలు
తూకం సరిపోయాక కూడా
గుప్పెడు పచ్చిమిరపకాయలు పడేసేది సంచీలో.
కాటా ఎక్కని సరుకు అది.
బేరమాడితే మాత్రం ఇచ్చేది కాదు.

లెస్ వచ్చే జూన్‌లో రిటైరవుతున్నాడు.

తిరిగొచ్చి కంప్యూటర్ ముందు కూచుని
చివర ఇంకో నిలువు గడి కలిపాను.
శీర్షిక ఏం పెట్టాలో తోచలేదు.
"కొత్త డ్రైవరుకి ఎవరు చెప్తారు?" అని రాసి
ఏడో వరుసలో నా పేరు కొట్టాను.