వైరు లేని ట్యూబ్‌లైటు

సజాలో మా క్యాంపు మీదికెళ్లి
ఆరు తీగలు పోతయి.
ఉక్కపోసిన రాత్రి అవి గునుస్తయి,
నిద్రల ఎవరో పండ్లు కొరికినట్టు.

మొన్న గంగనర్సు
చెత్తల దొరికిన ట్యూబ్‌లైటొకటి తెచ్చి
వాటి కింద నిలువుగ పట్టిండు.
వైరు లేదు, స్విచ్చి లేదు.
పాలిపోయి, సన్నగ, వెలిగింది.

అందరం నవ్వినం.
లస్మయ్య ఒక్కడే
తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నడు.

క్లినిక్‌ల డాక్టరు
"కొలిచిన్రు, హద్దులనే ఉంది" అని
నాలుగు పనడోలు గోలీలు చేతుల పెట్టిండు.
నిజమే అయుంటది.
హద్దు ఎవరు గీసిన్రో అడుగుదామంటే
నాకొచ్చిన అరబ్బీ
సిమెంటు, ఇసుక, జల్ది దగ్గర్నే ఆగిపాయె.
తలనొప్పి తీగదా, ఎండదా,
మూడు రూపాయల మిత్తిదా?
దానికి మీటరు లేదు.

ఊరంతటికి చల్లదనం
మా నెత్తిమీదికెళ్లే పోతది.
మా రూముల ఏసీ పదింటికి బంద్.

ఆ ట్యూబు ఇప్పుడు
నా మంచం పక్క గోడకు ఆనిచ్చి ఉంది.
పారేయమని ఎవ్వరూ అనరు.
లోపల అది వెలగదు.
అయినా నడిరాత్రి ఒంటికి లేచినోడల్లా
ఒకసారి దాని దిక్కు చూసి,
నల్లగనే ఉందని చూసి,
పండుకుంటడు.