చౌడు

మా మిషను ఒకటిన్నర టెస్లాది.
మహబూబ్‌నగర్ న్యూటౌన్ల, మేడ మోయదని
సెల్లార్ల దించినం.
దానికి నీళ్ల భాష ఒక్కటే వస్తది.
మోకాలు పెట్టినా నడుము పెట్టినా
నీళ్లెక్కడున్నయో ఎక్కడ లేవో చెప్తది.
ఉప్పు సంగతి అడిగితే
వినపడనట్టు ఊకుంటది.

కురుమన్న వచ్చిండు, కోయిలకొండ దిక్కు నుంచి.
ఉప్పరోళ్ల మనిషి. అరవై రెండేండ్లని చెప్పిండు.
కాల్వల మన్ను, కట్టల మన్ను,
కొంకణ్ రైలు సొరంగం మన్ను
తట్టలకెత్తిన మోకాళ్లు.
మొలతాడు బిళ్ల, అగ్గిపెట్టె, చిల్లర
ట్రేల పెట్టించి లోపలికి పంపిన.
ఇరవై ఐదు నిమిషాలు డబడబ డబడబ.

తెర మీద ఎముక, కింద ఇంకో ఎముక,
నడుమ రొట్టె పొరంత బూడిద రంగు మెత్త.
చిరగలేదు. అరిగినట్టు కూడ లేదు.
నార్మల్ అనే రాస్తడు సారు.
"మరి నొస్తున్నది గద మేడం?"

ఎట్ల చెప్పాలె.
ఆ మెత్తల కంటికానని చేతులుంటయి కురుమన్నా,
ఉప్పును పట్టుకునే చేతులు.
ఉప్పున్న కాడికి నీళ్లొస్తయి,
నీళ్లుంటేనే అది నిన్ను మోస్తది.
ముందు పోయేటివి చేతులు, ఎంటనే ఉప్పు.
మందం తగ్గేది ఆనక, ఎన్నడో.
మేం చూసేది ఆ ఆనకను.

ఉప్పును చూసే మిషన్లున్నయి.
కాని ఉప్పుది పీల గొంతు,
పలికేది కూడ వేరే స్టేషన్ల.
మా అసోంటి అయస్కాంతం కాడ అది
కురుమూర్తి జాతరల తప్పిపోయిన పిల్ల ఏడుపు,
గంటసేపు చెవొగ్గినా మసక మసకనే.
మూడు టెస్లాలైతే ఎవరో ఏడుస్తున్నరని తెలుస్తది.
ఏడుది ఒక్కసారే చూసిన,
హైదరాబాద్ ట్రైనింగుల, గోడ మీద:
ఎవరిదో మోకాలు, ఎర్రగ, పసుపుగ,
ఒక్క మూల మాత్రం ఆరిన పొయ్యి లెక్క నీలం.
ఆ మనిషికి అప్పటికింక నొప్పే లేదట.

కురుమన్న నవ్విండు.
"బీపీ డాక్టరేమో ఉప్పు తగ్గించమనె.
నువ్వు మోకాలిల తగ్గిందంటివి.
ఇంతకు తినాల్నా, వద్దా?"

తింటే రాదన్న.
పట్టే చేతులు లేవు గద.

కాలు పట్టుకోని కొంచెం సేపు కూసున్నడు.
"మా తాత చౌడు మన్ను కుండల పోసి
నీళ్లు వోసి వడగట్టేటోడు.
చుక్క చుక్క కారుతుండె. ఎండవెడితే ఉప్పు.
కడిగిన మన్ను దిబ్బ మీద పారబోస్తుండె.
చూడనీకె గదే మన్ను మేడం.
రంగు గదే, బరువు గదే.
నాలికె మీద ఏసుకుంటెనే ఎరుక."

నాలిక.
అది ఎన్ని టెస్లాలో.

హుక్కుకున్న అంగీ తెచ్చిచ్చిన.
వీపు మీద చెమట ఎండి తెల్ల గీత,
కాల్వ గట్టు తిరిగినట్టు వంకరగ.
దులపలేదు. మడత గూడ పెట్టలేదు.

మెట్లెక్కుతప్పుడు బాగున్న కాలే ముందేసిండు.
లోపల చల్లబరిచే పంపు చిక్కుచిక్కుమంటనే ఉంది.
తర్వాతి పేరు పిలిచిన.