ఉలుకూ పలుకూ

మొరీ దాటాక నలభై కిలోమీటర్లు పత్తి.
ఆ తర్వాత, ఏమీ లేని చోట, ముప్పై ఆరు డిష్‌లు
ఒకే వైపు మెడ తిప్పి వింటుంటాయి.
వాటికి మాట మోసే దారులు గీయడం నా పని.

మొదటి షరతే చప్పుడు చేయొద్దని.
రాగి తీగలో అంకెలు పరిగెడితే కూనిరాగం పుడుతుంది,
అది చాలు
కోట్ల ఏళ్ళు నడిచొచ్చిన సన్నటి సవ్వడిని మింగేయడానికి.
నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు.
ఈ ఊరికి నోరే ఉండకూడదు.
అందుకని గాజు పోగులు, మీటరు లోతున,
వానకు ఉబ్బి ఎండకు బీటలిచ్చే నల్లరేగడి కింద.
స్విచ్‌లన్నీ ఇనుప గదిలో.
నా ఫోను గేటు దగ్గర డబ్బాలో.

కాగితం మీద రింగు అందంగానే వచ్చింది.
ఒక చోట తెగితే రెండో దారి.
మెర్ల్ ట్రాంటర్ కళ్ళజోడు నుదుటి మీదకి తోసి చూసింది.
ముప్పై ఏళ్ళు గేర్లకు గ్రీజు పూసిన చేత్తో
నా రింగు మీద టీ కప్పు పెట్టింది:
"గాలి లేస్తే వీటిని పడుకోమని ఎవరు చెప్తారు?"
కంట్రోల్ రూము.
"దానికే కరెంటు పోతే?"
జనరేటరుంది.
"నేల నోరు తెరిచి నీ గాజు కొరికితే? రెండు వైపులా?"
కప్పు ఎత్తాక
కాగితం మీద ఇంకో రింగు మిగిలింది, గోధుమ రంగుది.

ఆ రాత్రి మోటెల్లో పదకొండు పేజీలు కొట్టేశాను.
ఇప్పుడు సెకనుకొకసారి ఒకే మాట వెళ్తుంది:
ఉన్నాను.
ఉన్నాను.
మూడు సెకన్లు అది వినపడకపోతే
డిష్ ఎవరినీ అడగదు.
చూస్తున్న నక్షత్రాన్ని సగంలో వదిలేసి
ముఖం నడినెత్తికి ఎత్తి, బ్రేకు బిగించుకుని
గాలి పోయేదాకా అలాగే ఉంటుంది.

జనవరిలో పరీక్ష. మెర్ల్ తనే ప్లగ్గు పీకింది.
ఒకటి. రెండు. మూడు.
ముప్పై ఐదు తలలెత్తాయి, మోటార్లు మూలుగుతూ.
పంతొమ్మిదోది మాత్రం కదల్లేదు.
పడమటికి తిరిగి వింటూనే ఉంది,
దాని అంచు మీద గులాబీ రొమ్ముల గాలా పిట్టలు రెండు.

"దీనికి చెవుడు" అంది మెర్ల్, స్పానర్ అందుకుంటూ.

చెవుడు కాదు.
గదిలో, నా బల్ల కింద,
పోయిన మంగళవారం నేను ఆపడం మరిచిన టెస్టు యంత్రం ఒకటి
ఉన్నాను, ఉన్నాను అంటోంది.
పాపం, దాన్నే నమ్ముకుని నిలబడింది.