పక్కనుంచి చూస్తే

రాత్రి నానబోసిన తెల్ల చిక్కుడు గింజలు
తెల్లారేసరికి ఒళ్లు చేశాయి.
చోటు చాలక ఒకదాన్నొకటి నెట్టుకుంటున్నాయి
పెళ్లిలో ఫొటోకి నిలబడ్డ చుట్టాల్లా.

యార్క్‌టన్ దాటాక పన్నెండు మైళ్లు, మట్టిరోడ్డు.
కిటికీ అవతల కోతయంత్రం దుమ్ము.
అక్క వస్తోంది భోజనానికి.
తొమ్మిదేళ్ల తరవాత.

అమ్మ పోయాక పంపకాల్లో
కాళ్లున్న ఈ గాజు గిన్నె నేను తెచ్చుకున్నాను.
వంటకాగితాల డబ్బా ఒరీసియా పట్టుకుపోయింది.
గిన్నె లేని వంట దానికి,
వంట లేని గిన్నె నాకు.
మేం మాటలు మానేసింది పొలం గురించి కాదు, పైకం గురించీ కాదు.
వీటి గురించే అంటే నవ్వుతారని
ఎవరికీ చెప్పలేదు.

కాగితం లేకపోతేనేం?
ఆరేళ్ల పిల్లకి బల్ల అంచు సరిగ్గా గడ్డం దగ్గరికి వస్తుంది.
ఈస్టరుకి, కోతలకి, పాదిరిగారు వచ్చినప్పుడు
ఈ గిన్నె నా కళ్లెదుటే ఉండేది,
పక్కనుంచి.

అడుగున వెల్లుల్లి పట్టించిన తెల్ల గింజలు.
ఆపైన క్యారెట్టు, బొటనవేలి మందాన.
తరవాత బఠాణీయా, మొక్కజొన్నా?
ఇక్కడ చెయ్యి ఆగింది.
వంగి, బల్ల అంచుకి గడ్డం ఆనించి కళ్లు మూసుకున్నాను.
అరవై మూడేళ్ల మోకాళ్లు టపటపమన్నాయి.
బఠాణీ.
ఆ పచ్చగీత మీదే నాన్న మీసం నీడ పడేది.

మొక్కజొన్న, ఎర్ర రాజ్మా, ఉల్లికాడలు.
ఒక్కో పొరకీ గాజు లోపలంతా గుడ్డతో తుడిచాను,
మరక కనపడిందా, అక్క ఊరుకోదు.
పైన పుల్లమీగడ, చేతినిండా సోయకూర.
పెచ్చూడిన అంచు గోడవైపు తిప్పి పెట్టాను.

ఒంటిగంటకి ట్రక్కు ఆగింది.
బావ స్టెఫాన్ దిగుతూనే వడగళ్ల సంగతి ఎత్తుకున్నాడు.
మనవరాలు లెస్యా ఆకలంది.
మా పొడుగాటి అక్క
ఇప్పుడు నా భుజం దాకానే ఉంది, చేతికర్రతో.

గిన్నె చుట్టూ ఒకసారి తిరిగింది.
గోడవైపు కూడా తొంగిచూసింది. తెలుసు నాకు, చూస్తుందని.
"బాగా పేర్చావు" అంది.
"నడుమ బీట్‌రూట్ వేశావా?"

బీట్‌రూటా?

"బఠాణీ కింద. నట్టనడుమ, గాజుకి తగలకుండా.
దాని పేరెత్తితే నాన్న కంచం తోసేసేవాడు.
అది లేందే అమ్మకి ముద్ద దిగేది కాదు.
అందరికీ అంచుల్నుంచి తీసి వడ్డించేది,
నడిమిది ఆఖర్న తను తినేది.
పొడుగుదాన్ని కదా, పైనుంచి చూశాను.
చెప్పొద్దంది."

నలభై ఏళ్లు గుట్టుగా దాచుకుంది మా అమ్మ,
అదీ గాజు గిన్నెలో.

"కాగితంలో రాసి ఉందా?"
"లేదు. కాగితంలోనూ లేదు.
నీకు పంపేద్దామని రెండుసార్లు కవరు కూడా అంటించాను."
"పంపలేదేం?"
"స్టాంపుల ధర పెంచేశారు" అంది,
కర్రని కుర్చీకి చేరవేస్తూ.

ఈలోగా లెస్యా గరిటె దింపేసింది.
పొద్దుటినుంచి నేను కట్టిన రంగులన్నీ
నట్టనడుమ గుంటై కూలాయి.

నేలమాళిగలో నిరుటి బీట్‌రూట్ ఊరగాయ సీసా ఉంది.
మూత బిగుసుకుపోయింది.
నేను సీసా పట్టుకున్నాను,
అక్క మూత తిప్పింది.
ఊడొచ్చినప్పుడు ఇద్దరం వెనక్కి తూలాం.

గుంటలో వొంపాం.
ఎరుపు నెమ్మదిగా జారి
పచ్చని దాటి, నారింజని దాటి
అడుగున తెల్ల గింజల్ని పట్టుకుంది.
గాజులోంచి బాగా కనిపిస్తోంది.

స్టెఫాన్ తన కంచంలోని ఎర్రముక్కల్ని
ఒక్కొక్కటిగా అంచుకి నెట్టుకుంటూ
వడగళ్లు కోడిగుడ్డంత ఉన్నాయంటున్నాడు.

అక్క చెంచా చాచి
వాటిని తన కంచంలోకి లాక్కుంది.
నేనూ రెండు తీసుకున్నాను.