తొమ్మిదో మెట్టు

ఇన్నిస్ ఫ్లెట్ వంటింటి బల్ల మీద
కరెంటు బిల్లు కవరు తిరగేసి
పెన్సిలుతో రాశాడు: రెండు లక్షల ఎనభై వేలు.
పౌండ్లు. కింద రెండు గీతలు.
టీ కప్పు పక్కకు జరిపి
నా అంకె నేను రాశాను. రెండు ముప్పై ఐదు.

మా ఇద్దరి మధ్యా ఆ తేడా
పిల్లిలా వచ్చి కూర్చుంది.

"ఈ మెట్లు చూశావా?
ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ చెక్క.
పదమూడు. ఒక్కటీ కిర్రుమనదు."
ఎక్కి చూశాను. తొమ్మిదోది కిర్రుమంది.
అతను దగ్గాడు.

ఇరవయ్యేళ్ళుగా ఈ స్ట్రామ్‌నెస్ సందుల్లో
ఇళ్ళకు వెల కడుతున్నాను.
కాకిపిల్ల కాకికి ముద్దు,
ఇక్కడి నీటికాకులకైనా అంతే.
ప్రతివాళ్ళూ తమ చెమటను
చదరపు మీటర్లలో కలిపి అమ్మజూస్తారు.
కొనేవాడు మాత్రం
పక్కవీధి ఇల్లు ఎంతకు పోయిందంటాడు,
తల పైకెత్తి పగిలిన పలకలు లెక్కపెడతాడు.

అతని మాటే నెగ్గింది. ఇల్లు అతనిది కదా.
ఏప్రిల్‌లో బోర్డు పాతాం.
మేలో ఇద్దరొచ్చారు, కోట్లు విప్పకుండానే వెళ్ళారు.
జూన్‌లో రాత్రి పదకొండుకీ వెలుతురే,
చూసే మనిషి లేడు.
అమ్మబోతే అడవి అంటారు.
చెట్టన్నదే అరుదైన ఈ దీవికి
ఆ సామెత ఏ ఓడెక్కి వచ్చిందో!
అమ్ముడుపోని ఇంటికి
వారానికో రోగం అంటగడుతుంది ఊరు:
పునాది కుంగిందట. ఎలుకలట.
ధర ఎక్కువని ఒక్కరూ అనరు.

ఆగస్టులో ఫోను చేశాడు.
వెళ్ళేసరికి మెట్ల కింద గోడకాగితం
మూరెడు చీరి ఉంది.
వెనక ఉత్తరపు గోడ. నల్లగా, చెమ్మగా.
"థోరా చనిపోయిన చలికాలం అంటించాను," అన్నాడు.
"తను ఉంటే అంటించనిచ్చేది కాదు."

చెమ్మ కొలిచే పరికరం గోడకు ఆనించాను.
అది కూసింది.
ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద
కవరు ఇంకా అలాగే ఉంది.
అతనే తీశాడు. రెండు గీతల మీద మూడోది అడ్డంగా కొట్టాడు.
నా అంకె కన్నా నాలుగు వేలు తగ్గించి రాసి,
"గోడ సంగతి ప్రకటనలో పెట్టు," అన్నాడు,
"మొదటి వాక్యంలోనే."

ఆ వారం ముగ్గురొచ్చారు.
వాళ్ళలో ఒకామె, ఆసుపత్రి నర్సు,
తొమ్మిదో మెట్టు మీద ఆగింది.
దిగి, మళ్ళీ ఎక్కి,
"ఇదొక్కటేనా?" అంది.

ఇన్నిస్ నా వైపు చూడలేదు.
"ఒక్కటే," అన్నాడు.
"దానికి డబ్బు తీసుకోవడం లేదు."