చెత్తబుట్ట ఖాళీగా ఉంది

మడికొండ ఐటీ పార్కు, రెండో అంతస్తు,
మెట్టుగుట్ట కనబడే కిటికీ పక్క సీటు.
నలభై ఆరు తెరల మీద ఒకటే నీలం.
నా ఒక్కదాని మీద
కొత్తవాడల నేను తీసిన ఫొటో:
గోడ మీద ఎండకేసిన జంపఖానాలు.

ల్యాప్‌టాప్ పాతది.
బోరు మోటరు లెక్క మొత్తుకునేది దాని ఫ్యాను.
ఓ శనివారం, ఫ్లోరంత ఖాళీగున్నప్పుడు
ఓదెలు పెన్‌డ్రైవ్ తెచ్చిండు.
"పైస ఖర్చు లేదక్కా,
అడిగేటోడు కూడ లేడు."
మొదటి మాట నిజం.

ఆనాటి సంది ఫ్యాను సప్పుడు లేదు.
అడుగున ఉండే పట్టీని ఎడమకు జరిపిన,
నాది పుర్రచెయ్యి వాటం.
అక్షరాలు పెద్దగ చేసిన.
గడియారాన్ని తెలుగుల పెట్టిన,
మూలకు 'మంగళవారం' అని కనబడంగనే
టిఫిన్ల గుడ్డు ఉండదని యాదికొచ్చేది.

మా పెద్దనాయిన మగ్గం గుంతల దిగితే
తొక్కుడు చెక్కలకు తాడు తనే బిగించుకునేది,
తన కాలి పొడుగుకు.
మేం కూసుంటే అందకపోయేది.
"ఎవల మగ్గం వాళ్లదే బిడ్డా" అనేటోడు,
అది అద్దె మగ్గమైనా సరే.

మాటల కాడనే పేచీ.
'నిష్క్రమించు' అంటది మెనూ
బాగోతంల మంత్రి లెక్క.
'మూసివేయి' అన్నకాడ
నేనైతే 'బంద్ చెయ్' అని రాస్తును.
ఈ తెలుగు చేసినోళ్లు ఎవలా అని వెతికిన.
నలుగురి పేర్లున్నయ్, ఊర్లు లేవు.
జీతం లేకుంట, రాత్రిళ్లు కూసోని
వేల వాక్యాలు.
ఎక్కిరించుడు బందు పెట్టి
రెండు అచ్చుతప్పులు దిద్ది పంపిన.

కొమురమ్మ ఆరింటికి తుడువ వస్తది.
ఒకనాడు నా భుజమెనుక ఆగింది,
చేతిల కర్ర, కండ్లు తెర మీద.
"చె... త్త... బు... ట్ట."
రాత్రిబడిల నేర్చిన చదువు,
వాగుల రాయి మీంచి రాయి మీదికి
అడుగేసినట్టు.
"నీ మిషన్ల కూడ ఉన్నదా?
ఎవలు పారబోస్తరు మల్ల?"
నేనే, అన్న.
"నెలకెంతిస్తరు?"
ఇద్దరం నవ్వినం.
అటెనుక రోజుకో మాట చదివి పోయేది.
ఇల్లు. పత్రాలు. చిత్రాలు.
'అమరికలు' కాడ రెండు రోజులు పట్టింది.

గురువారం హైదరాబాద్ నుంచి ఫోను.
"మీ సిస్టమ్ మా లిస్టులో కనిపించట్లేదు మేడమ్."
తిట్టలేదు, మంచోడే.
తన ఇంట్ల కూడ ఇదే నడుస్తదట,
ఆ ఒక్క మాట గొంతు తగ్గించి చెప్పిండు.
"సోమవారంలోపు ఫారం పంపండి.
లేదంటే అందరికీ ఉన్నదే పెట్టేస్తాం."

ఫారం నిండ ఇంగ్లీషు.
ఆఖర్ల ఒక డబ్బ, వ్యాపార కారణం రాయాలె,
రెండు వందల అక్షరాలల్ల.
లైసెన్సు ఖర్చు సున్న అని రాసిన.
మిషను ఇంకో మూడేండ్లు నడుస్తదని రాసిన.
పుర్రచెయ్యి సంగతి రాసి తుడిపిన.
కొమురమ్మ పేరు రాసి
శానసేపు చూసిన.
ఆ అక్షరాలల్ల
అది ఆమె పేరు లెక్క లేదు.
అది కూడ తుడిపిన.

కాజీపేట దిక్కు గూడ్సు బండి పోతున్నది,
ఎన్ని డబ్బలో, ఒడుస్తలేదు.
ఎనుక బకెటు సప్పుడు.
"ఇయ్యాల కొత్తదేం లేదా?"
ఫారం మూయబోతే తెర అడిగింది,
భద్రపరచాలా అని.
వేలు పెట్టి చూపెట్టిన.
"భ..." అన్నది.
'ద్ర' కాడ ఆగింది,
కొంగుతోని నొసలు తుడుసుకున్నది.
సోమవారం ఇంకా మూడు రోజులున్నది.
ఆమె ఆ మాట దాటేదాక
నేను దేన్నీ నొక్కలేదు.